దీపానికి పెట్టిన బొట్టు

సోమవారం సాయంత్రం సుగుణ తాపేశ్వరం కాజాల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. పోయిన వానాకాలంలో నా దగ్గర కారు నేర్చుకున్న పిల్ల. పిల్ల అంటున్నానే గానీ నలభై దాటిన మనిషి, రాజమండ్రిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని నేను ఆడవాళ్ళకి కారు నేర్పే పని పెట్టుకున్నాను. లైసెన్సు చేతికి రాగానే స్వీటు తెచ్చి పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కారు దారిలో ఆగిపోయిందని స్వీటు తెచ్చిన మనిషిని సుగుణనే చూశాను.

"మేడమ్ గారండి, తుని నుంచి వస్తుంటే హైవే మీద ఎర్ర దీపం వెలిగిందండి," అంది కుర్చీలో కూర్చుంటూనే.

"ఏ బొమ్మ?"

"థర్మామీటరు బొమ్మండి. కింద నీళ్ళ అలల్లా ఉంటాయి చూడండి, అదండి. మా అత్తగారు పక్కనే ఉన్నారండి. అన్నవరం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, అక్కడైతే మెకానిక్కు ఉంటాడు, ఈ ఎండలో ఇక్కడేం ఆపుతావు, పోనీ అన్నారండి."

"పోనిచ్చావా?"

"లేదండి. నాలుగు లైట్లూ మెరిసే బటన్ నొక్కేనండి. అద్దంలో వెనక చూసుకుని ఎడం అంచుకి తెచ్చి ఆపేసేనండి. ముందు దిగండి అత్తయ్యగారూ, తరవాత తిడుదురు గాని అన్నానండి. ఎడంవైపు తలుపులోంచి ఆవిణ్ణి దింపి ఆ ఇనప కమ్మీ అవతలకి తీసుకెళ్ళి నిలబెట్టేనండి. ముక్కోణం బోర్డు వెనక్కి దూరంగా పెట్టి, టోలు చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసేనండి. బానెట్ ముట్టుకోలేదండి."

మెకానిక్కు వచ్చి నీళ్ళ గొట్టం చీలిపోయిందని చెప్పాడట. ఇంకో రెండు మైళ్ళు పోనిచ్చి ఉంటే ఇంజను మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడట. ఆ మాట విన్నాక అత్తగారు తిట్లు మానేసి, ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా అని అడిగారట. మా మేడమ్ గారండి అని ఈమె చెబితే, మరి ఆవిడకెవరు నేర్పారో కనుక్కురా అని కాజాలిచ్చి పంపారు.

"మా నాన్న," అన్నాను. "రామచంద్రపురంలో డ్రైవరు చేసేవాడు."

సుగుణ తృప్తిగా వెళ్ళిపోయింది. నాకే తృప్తి కలగలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు గానీ, నాన్న నాకు నేర్పిన వాటిలో అసలైనది ఆగిన బండి వెనక ఊపే ఎర్ర గుడ్డలూ ఎడంవైపు తలుపులూ కావు. దాన్ని నేర్పడానికి ఆయనకి ఒక ఇంజనూ, ముంజేతి మీద చర్మమూ ఖర్చయ్యాయి.

మా నాన్న సుబ్బారావు ఒక రైసు మిల్లు కామందు గారి అంబాసిడరు నడిపేవాడు. మిల్లు ఆవరణలోనే, కారు షెడ్డుని ఆనుకుని మాకు రెండు గదులిచ్చారు. నా చిన్నతనమంతా మూడు వాసనల మధ్య గడిచింది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికే వాసన, తవుడు వాసన, గోడకి అవతల నుంచి వచ్చే పెట్రోలు వాసన. అమ్మ వంటలో ఏ పోపు పెట్టినా ఈ మూడింటినీ దాటుకునే మా ముక్కుల్ని చేరాలి. తెల్లారకముందే నాన్న షెడ్డు తలుపు తీసిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. అమ్మ పాత చీర చింపి ఇచ్చిన గుడ్డతో ఆయిలు పుల్ల తుడిచి, ముంచి, తీసి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. రేడియేటరు మూత తీసి వేలు ముంచి నీళ్ళు చూసేవాడు. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కేవాడు. నాలుగు టైర్లనీ పిడికిలితో గుద్దేవాడు. ఆ తరవాత సీట్లో కూర్చుని తాళం సగం తిప్పితే ముందర పలక మీద చిన్న ఎర్ర దీపం వెలగాలి. బండి స్టార్టయ్యాక ఆరిపోవాలి. "వెలగాల్సినప్పుడు వెలిగితేనే, ఆరినప్పుడు నమ్మాలి," అనేవాడు. మిల్లులో అందరూ నవ్వేవారు, సుబ్బారావు బండికి రోజూ పెళ్ళిచూపులే అని.

ఆ ఎర్ర దీపం సంగతి కాస్త చెప్పాలి. ఇప్పటి కార్లలో దీపావళి దుకాణంలా ఎన్ని దీపాలో. ఆ బండిలో నమ్మదగ్గది అదొక్కటే. వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. బ్యాటరీకి ఛార్జింగు అందకపోతే ఈ దీపం వెలుగుతుంది. ఛార్జింగు అందటం లేదంటే చాలాసార్లు ఫ్యాను బెల్టు తెగినట్టు. బెల్టు తెగితే ఫ్యానూ తిరగదు, నీళ్ళూ తిరగవు, ఇంజను కాసేపట్లో ఉడికిపోతుంది. అంటే అంత చిన్న దీపం వెనకాల బండి ప్రాణమంతా ఉంది.

నాన్న దారిని మైళ్ళతో కొలిచేవాడు కాదు, ఆగే చోట్లతో కొలిచేవాడు. మా వైపు రోడ్లు సగం కాలవ గట్ల మీదే. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పల్లంలో చేలు, మధ్యలో ఎదురుగా లారీ వస్తే ఊపిరి బిగబట్టుకోవాల్సినంత దారి. అలాంటి చోట బండి పక్కకి తియ్యాలంటే పక్క అనేది ఉండాలి కదా. ఎక్కడ గట్టు వెడల్పవుతుందో, ఏ ఇటిక బట్టీ ముందు లారీ తిరిగేంత జాగా ఉందో, కాలవ నీళ్ళు ఆపే ఏ లాకుల దగ్గర చెట్టు కింద నలుగురు నిలబడొచ్చో నాన్నకి నోటికొచ్చు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నప్పుడల్లా, "ఇప్పుడు ఆగాలంటే ఎక్కడాగుతాం రత్నం?" అని అడిగేవాడు. ముందున్న చోటు చెబితే ఒప్పుకునేవాడు. దాటొచ్చిన చోటు చెబితే, "అడుసు తొక్కాక కాలు కడుక్కునే తెలివి ఎందుకూ," అనేవాడు. బండి ఎక్కినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా బయల్దేరే ముందు ఒక పాఠం వినాల్సిందే. నేను దిగమంటే ఎడంవైపే దిగాలండి, బండి వెనకాల నిలబడకూడదండి. చేతులు కట్టుకుని, గుళ్ళో అర్చన చెప్పించుకునేవాడిలా అంత వినయంగా చెప్పేవాడు.

వినయం అంటే గుర్తొచ్చింది. మా నాన్న నోట్లోంచి అండి లేని మాట రావడం అరుదు. గేదె అడ్డమొస్తే దాన్ని కూడా తప్పుకోండి అనేవాడని అమ్మ వేళాకోళం చేసేది. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నది ఆయన నమ్మకం. కామందు గారు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రావడం, అమ్మగారు చెప్పేది వినిపించుకోకపోవడం ఆయన పుట్టుకలోనే లేవు.

అమ్మగారంటే కామందు గారి భార్య. పచ్చగా, నిండుగా ఉండేవారు. నన్ను కన్నకూతురిలా కాకపోయినా మేనకోడలిలా చూసేవారు. ప్రతి శుక్రవారం తలంటి పోసుకుని, పసుపూ కుంకుమా గంధం ఉన్న పళ్ళెం పట్టుకుని షెడ్డులోకి వచ్చేవారు. స్టీరింగు మీద బొట్టు, గేరు రాడ్డు మీద బొట్టు, బానెట్ మీద మూడు బొట్లు. ఒక శుక్రవారం నాన్న తాళం తిప్పి ఉంచిన సమయంలో ఆవిడ లోపలికి వంగారు. "ఇక్కడ దీపం ఉందేంటి సుబ్బారావు, ఇన్నాళ్ళూ చూడనే లేదు. దీపానికి బొట్టు పెట్టకుండా ఎలా?" అంటూ గంధంలో తడిపిన కుంకుమ తీసి ఆ ఎర్ర అద్దం మీద నిండుగా పెట్టారు. ఆవిడ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో కుందికి బొట్టు పెట్టకుండా ఏ దీపం వెలిగిస్తాం?

అప్పటి నుంచి వారం వారం బొట్టు మీద బొట్టు. ఎండి గట్టిపడి రూపాయి బిళ్ళంత మందాన పేరుకుపోయింది. తుడవొచ్చు కదా అని మీరంటారు. ముత్తైదువ పెట్టిన బొట్టు, అందులోనూ ఆవిడ భర్త ఎక్కే బండికి పెట్టిన బొట్టు తుడవడమా? "తుడిచారంటే రేపు కామందు గారికి తలనొప్పి వచ్చినా మీ మెడకే చుట్టుకుంటుంది," అంది అమ్మ. నాన్న తుడవలేదు. అమ్మగారికి చెప్పనూ లేదు. పొద్దున్నే తాళం తిప్పి, ముఖం పలకకి ఆనించి, రెండు చేతులూ దోసిలిలా అడ్డం పెట్టి, బొట్టు అంచున సన్నగా ఎరుపు కనిపిస్తోందా లేదా అని చూసేవాడు. షెడ్డు చీకట్లో అది కనిపించేది. పట్టపగలు రోడ్డు మీద ఎలా కనిపిస్తుందని నేనడిగితే, "ఏం కాదులే," అన్నాడు. మా నాన్న ఏం కాదులే అన్నది నా ఎరికలో ఆ ఒక్క విషయంలోనే.

అయింది. ఒక శుక్రవారమే అయింది. రాజమండ్రిలో కామందు గారి బంధువులింట్లో గృహప్రవేశం. ఆయనా అమ్మగారూ వెనక సీట్లో. నేనప్పుడు రాజమండ్రిలోనే డిగ్రీలో చేరాను, నా చదువు ఖర్చు కామందు గారే పెట్టుకుంటున్నారు. అందుకని నన్నూ నా ట్రంకుపెట్టెనూ హాస్టల్లో దింపే ఏర్పాటు. బయల్దేరేసరికే ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతుందని ఆయన, ఆలస్యం అమృతం విషం అని రెండుసార్లు అన్నారు. ద్వారపూడి దాటాక రోడ్డు కాలవ గట్టు ఎక్కింది. కాలవ మాకు ఎడంవైపు, నిండుగా పారుతోంది. అమ్మగారు తన చెల్లెలి కోడలి గురించి ఒక పెద్ద కథ నాన్నకి చెబుతున్నారు. నాన్న ఆయ్, ఆయ్ అంటూ వింటున్నాడు. ఇటిక బట్టీ దాటాం. మరికొంత దూరం పోయాక నాకు కాలిన రబ్బరు వాసన వచ్చింది. నాన్న వైపు చూశాను. ఆయన ముఖం అప్పటికే మారిపోయి ఉంది. బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచి ముందు అద్దం కప్పేసింది.

గట్టు మీద అంతకంటే ఇరుకైన చోటు లేదు. నాన్న బ్రేకు నెమ్మదిగా నొక్కుతూ, అద్దంలోంచి కాకుండా పక్కకి తల పెట్టి చూసుకుంటూ, కాలవ అంచుకి రెండు మూరలుండగా బండి ఆపి ఇంజను కట్టేశాడు. "ఎవరూ తలుపు తియ్యకండి. ఎడంవైపు కాలవండి," అన్నాడు. ఇన్నేళ్ళూ ఎడంవైపే దిగమని చెప్పిన మనిషి! తను ముందు దిగి, రెండు వైపులా చూసి, కుడి తలుపు తీసి, కామందు గారినీ అమ్మగారినీ రోడ్డు దాటించి చేల వైపు దించాడు. నాకు వెదురు కర్రకి కట్టిన ఎర్ర గుడ్డ ఇచ్చి, "వెనక్కి వందడుగులు నడువు. రోడ్డు మీద నిలబడకు, చేల అంచున నిలబడి ఊపు," అన్నాడు. బానెట్ గొళ్ళెం తీసి ఎత్తి, చక్రాల కింద పెట్టే చెక్కముక్కల కోసం డిక్కీ వైపు వెళ్ళాడు.

నేను నా చోటికి చేరి గుడ్డ ఊపుతున్నాను. అటుగా వచ్చిన బస్సు ఆ గుడ్డ చూసి ఆగింది. బస్సు నిండా జనం. వాళ్ళతో పాటు నేనూ చూశాను. కామందు గారు రోడ్డు దాటి మళ్ళీ బండి ముందుకొచ్చి, భుజం మీది కండువా మడిచి రేడియేటరు మూత మీద వేసి పట్టుకున్నారు. నీళ్ళు పోస్తే బండి కదులుతుంది, ముహూర్తానికి అందుకోవచ్చు అని ఆయన ఆశ. ఉడుకుతున్న రేడియేటరు మూత తీస్తే మరిగే నీళ్ళు ముఖానికి ఎగజిమ్ముతాయని ఆయనకి తెలియదు. నాన్న, "వద్దండి వద్దండి," అని అరుస్తూ పరిగెత్తాడు. అప్పటికే మూత సగం తిరిగింది. నాన్న ఆయన్ని భుజంతో ఒక్క తోపు తోశాడు. కామందు గారు వెనక్కి వెళ్ళి తెల్ల పంచెతో బురదలో కూలబడ్డారు. ఆ మరిగే నీళ్ళు నాన్న కుడి ముంజేతి మీద పడ్డాయి.

రేడియేటరు కోసం డబ్బాలో ఉంచిన చల్లటి నీళ్ళు నాన్న తన చేతి మీద పోసుకుంటూ నిలబడ్డాడు. బస్సులో ఎవరో నవ్వారు. కామందు గారు పంచె దులుపుకుంటూ లేచి, "నన్ను తోస్తావురా?" అన్నారు. అంతకుముందు ఆయన నాన్నని రా అనలేదు. "దీపం వెలిగి ఉండదా? కళ్ళు ఎక్కడ పెట్టుకు నడుపుతున్నావు?"

"చూసుకోలేదండి. నాదే తప్పండి," అన్నాడు నాన్న.

అమ్మగారు పక్కనే ఉన్నారు. నాన్న ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు.

వాళ్ళిద్దరూ ఆ బస్సులోనే రాజమండ్రి వెళ్ళారు. నేను హాస్టలుకి వెళ్ళలేదు. ట్రాక్టరుతో బండిని లాక్కుని మిల్లుకి తెచ్చాం. మెకానిక్కు చూసి బెల్టు తెగిందనీ, ఇంజను పైభాగం వంగిపోయి ఉంటుందనీ, విప్పితే గానీ సంగతి తెలియదనీ అన్నాడు. మర్నాడు కామందు గారు నాన్నని పిలిచి, నెలాఖరుకి గదులు ఖాళీ చెయ్యమన్నారు. ఉద్యోగం, ఇల్లు, నా చదువు మూడూ ఒక్క వాక్యంలో పోయాయి. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. "ఆ బొట్టు మాట చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది," అంది. "ఆవిడ పసుపు కుంకుమల కోసం పెట్టుకున్న బొట్టు. దానివల్ల అయ్యగారి ముఖం కాలబోయిందని ఆవిడతో చెప్పమంటావా?" అన్నాడు నాన్న. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

నాకు పద్దెనిమిదేళ్ళు. ఆయన ఓర్పు నాకు రాలేదు. మేకుకి తగిలించిన బండి తాళం తీసుకుని నేరుగా కామందు గారింటికి వెళ్ళాను. అమ్మగారు వెనక వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. "ఒక్కసారి షెడ్డులోకి రండమ్మగారూ," అన్నాను. ఎందుకే అన్నారు. వస్తే చూపిస్తానన్నాను. వచ్చారు. డ్రైవరు సీట్లో కూర్చోమంటే మొహమాటపడి, చివరికి కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చున్నారు. నేను చెయ్యి చాపి తాళం తిప్పాను.

"ఏం కనిపిస్తుందండి?"

"ఏముందే, ఏమీ లేదు."

"మా నాన్న రోజూ ఇలా చూస్తాడండి," అని ఆవిడ చేతులు రెండూ దోసిలిలా బొట్టు చుట్టూ పెట్టించి, ముఖం దగ్గరికి వంచమన్నాను. వంచారు. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక అడిగిన మొదటి మాట, "మీ నాన్న నాకెందుకు చెప్పలేదే?"

"మీరు పెట్టిన బొట్టండి," అన్నాను.

ఆవిడ సీట్లోంచి దిగలేదు. "అయ్యగారిని పిలు," అన్నారు. కామందు గారు వచ్చారు. ఆయన వెనకాల మిల్లులో పనిచేసే వాళ్ళు నలుగురు, గొడవేంటో చూద్దామని మా అమ్మ, చేతి కట్టుతో నాన్న. అందరూ చూస్తుండగా అమ్మగారు, "ఈ బొట్టు వెనక దీపం వెలుగుతోందండి. మీకు కనిపిస్తోందా? సుబ్బారావుకీ కనిపించలేదు," అన్నారు. కామందు గారు వంగి చూసి ఏదో అనబోయారు. అంతలో ఆవిడ తన పమిట కొంగు తడి చేసుకుని ఆ బొట్టు తుడవడం మొదలుపెట్టారు. మా అమ్మ అయ్యో అంది. ఒక ముత్తైదువ, భర్త ఎదుట నిలబడి ఉండగా, తన చేత్తో పెట్టిన బొట్టు తన చేత్తో తుడవడం ఆ ఆవరణలో ఎవరూ చూసి ఉండరు. పేరుకుపోయిన గంధం అంత సులువుగా రాలేదు. గోటితో గీకారు. గీకిన చోట ఎర్రగా దీపం బయటపడింది. ఆవిడ కొంగూ గోళ్ళూ ఎర్రబడటం నేను చూశాను. కామందు గారు కూడా చూశారు. ఆయన నాన్నతో, "గదులు ఖాళీ చెయ్యక్కర్లేదు," అని చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికి, మనవల పెళ్ళిళ్ళు చూసి, ముసలితనంలో మంచం మీద పోయారాయన. ఇది చెప్పకపోతే మీ మనసు పీకుతూనే ఉంటుందని ముందే చెబుతున్నాను.

ఇప్పటి కార్లు చాలా తెలివైనవి. పసుపు దీపం వెలిగితే త్వరలో చూపించు అని, ఎర్ర దీపం వెలిగితే వెంటనే ఆగు అని చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా బొమ్మలు పెట్టారు. మా నాన్న ముక్కుతో, చెవితో, బొటనవేలితో తెలుసుకున్నవన్నీ బండే చెబుతోంది. అంబాసిడరు మంచిది, ఈ కార్లు డబ్బాలు అనే ముసలాళ్ళ మాట నేను ఒప్పుకోను. వాళ్ళు ఎండలో బండి తోసిన రోజులు మర్చిపోయారు. కానీ మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ భర్త, పసుపు దీపం చికాగ్గా ఉందని మెకానిక్కుకి చెప్పి దాన్ని ఆర్పించుకొచ్చాడు. జబ్బు అలాగే ఉంది, దీపం పోయింది. ఇంకొకాయన సరిగ్గా ఆ చోటే ఫోను స్టాండు అంటించుకున్నాడు. వాళ్ళకి బొట్టు పెట్టిన అమ్మగారు కూడా లేరు, ఎవరి మీద మొహమాటంతో కప్పుకున్నారో మరి. సుగుణ చేసిన పనుల్లో ముక్కోణం బోర్డు పెట్టడం ఎవరైనా చేస్తారు. పక్కన అత్తగారు పోనీ అంటుంటే ఆపడమే కష్టం. నేను కారు నేర్పే ప్రతి మనిషికీ మొదటి రోజు స్టీరింగు ముట్టుకోనివ్వకుండా ఆ ఒక్కటే చేయిస్తాను. నేను పక్కన కూర్చుని పోనీ పోనీ అని విసిగిస్తాను, వాళ్ళు ఆపుతానండి అనాలి. గట్టిగా అనేదాకా తాళం ఇవ్వను.

ఇలా ఎందుకు నేర్పుతానో ఇంతవరకూ చెప్పలేదు. అమ్మగారు బొట్టు తుడిచిన సాయంత్రం నేను గెలిచినంత సంబరంగా ఇంటికొచ్చాను. నాన్న మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఎడం చేత్తో కలుపుకోలేక అవస్థ పడుతుంటే, అమ్మ కలిపి పెట్టింది. రెండు ముద్దలు తిని ఆగాడు.

"నేను విన్నాను రత్నం," అన్నాడు.

"ఏం విన్నావు నాన్నా?"

"ఇటిక బట్టీ దగ్గరే ఫ్యాను చప్పుడు పోయింది. బెల్టు తెగిందని అప్పుడే అనుమానం వచ్చింది. బట్టీ ముందు బోలెడంత జాగా. ఆపొచ్చు. అమ్మగారు మాట్లాడుతున్నారు, అయ్యగారు తొందరలో ఉన్నారు. కథ అవనీ, లాకుల దగ్గర ఆపుదాం అనుకున్నాను." కంచం పక్కకి జరిపి, "నాదే తప్పు అన్నది మర్యాదకి కాదమ్మా," అన్నాడు.

ఆయన అందరినీ కాపాడటానికి నింద మీదేసుకున్నాడని రెండు రోజులుగా నేను గర్వపడుతున్నాను. ఇప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. "ఎవరికీ చెప్పకండి. ఇప్పుడిప్పుడే ఒడ్డున పడ్డాం," అంది అమ్మ. నేను కూడా అదే అన్నాను. అవును, నేనే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అమ్మగారికి నిద్ర పట్టదే," అన్నాడు నాన్న. "బొట్టు పెట్టినందుకు ఒక బెంగ, తుడిచినందుకు ఇంకో బెంగ. ఆ మనిషిని అలా వదిలెయ్యమంటావా?"

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. కామందు గారు ముందు వరండాలో కాఫీ తాగుతున్నారు. అమ్మగారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాన్న నిన్న ఇంట్లో చెప్పిందంతా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. ఫ్యాను చప్పుడు, ఇటిక బట్టీ, తన మొహమాటం. చివర్లో అమ్మగారి వైపు తిరిగి, "ఆ బొట్టు వల్ల కాదండి. దీపం కనిపించకపోయినా నాకు చెవులున్నాయండి," అన్నాడు.

అమ్మగారు గడప మీద కూర్చుండిపోయి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. కామందు గారు గ్లాసు కింద పెట్టి నాన్న చేతి కట్టు వైపు చూశారు. నిన్న తిరిగి వచ్చిన ఉద్యోగం ఈ పూట మళ్ళీ పోతుందనే అనుకున్నాను.

"ఇకనుంచి నేను మాట్లాడుతున్నా సరే, ఆవిడ మాట్లాడుతున్నా సరే, నీకు అనుమానం వస్తే మధ్యలోనే చెప్పు సుబ్బారావు," అన్నారు కామందు గారు.

"అయితే ఇప్పుడే ఒకటి చెప్తానండి," అన్నాడు నాన్న. "వెనక టైర్లు రెండూ అరిగిపోయాయండి. ఇంజను బాగుచేయించినా సరే, అవి మార్చేదాకా నేను బండి తియ్యనండి."

అమ్మగారు ఏడుపులోనే నవ్వేశారు. కామందు గారు నవ్వలేదు గానీ, టైర్లు మార్పించారు.